పిల్లల ‘సున్నా’ను తీసుకునే సైన్స్ ఏది? కిట్లు, పోటీలు, పక్షుల లెక్కలు: ఒక పోలిక

ఫిబ్రవరి 28 దగ్గరపడే కొద్దీ స్టేషనరీ దుకాణాల్లో రెడీమేడ్ ప్రాజెక్టులకు గిరాకీ పెరుగుతుంది. థర్మాకోల్ పలక మీద అగ్నిపర్వతం, బల్బు వెలిగే సౌరకుటుంబం, చిన్న మోటారుతో తిరిగే గాలిమర. కొనడం నాన్న, అతికించడం అమ్మ, చార్టు రాయడం అక్క. సైన్స్ దినోత్సవం నాడు దాని పక్కన నిలబడి, కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్పడం మాత్రం పిల్లవాడి వంతు.

ఇంతకంటే మంచి దారులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. పక్షులను లెక్కపెట్టి పంపవచ్చు, చెట్టు పూతను నమోదు చేయవచ్చు, గ్రహశకలాలు వెతకవచ్చు, బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వెళ్లవచ్చు, ఇంట్లోనే కిట్టు ముందేసుకుని కూర్చోవచ్చు. చిక్కల్లా ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చుకోవడంలోనే. ఎనిమిదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలున్న తల్లిదండ్రులు, సైన్స్ చెప్పే ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న ఇదే కాబట్టి, నా అభిప్రాయాలు దాచుకోకుండా పోల్చి చెబుతాను.

నేను అన్నిటికీ వేసే పరీక్ష ఒకటే. పిల్లవాడు ‘ఈ రోజు ఏమీ కనిపించలేదు’ అనో, ‘ఏమీ మారలేదు’ అనో నిజాయితీగా రాసి ఇస్తే ఆ కార్యక్రమం దాన్ని తీసుకుంటుందా? లేక ‘తప్పు చేశావు, మళ్లీ చెయ్యి’ అంటుందా? సున్నాను సమాచారంగా తీసుకునే చోట పిల్లలు చూసింది చూసినట్టు రాయడం నేర్చుకుంటారు. సున్నాను ఓటమిగా చూసే చోట సరైన జవాబు వచ్చేలా సర్దడం నేర్చుకుంటారు. సర్టిఫికెట్లు రెండు చోట్లా ఇస్తారు.

పక్షుల లెక్క

మామూలు మనుషుల పరిశీలనలు మన దేశంలో ఒక పెద్ద శాస్త్రీయ నివేదికగా మారిన ఉదాహరణ ఇక్కడ ఉంది కనుక దీనితోనే మొదలుపెడతాను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధన కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో ఈబర్డ్‌ను ప్రారంభించాయి. ఎవరైనా తాము చూసిన పక్షుల జాబితాను అందులో నమోదు చేయవచ్చు. మన దగ్గర ఆ పనిని బర్డ్ కౌంట్ ఇండియా అనే కూటమి ముందుకు నడుపుతోంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక సుమారు 30,000 మంది పరిశీలకులు పంపిన 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అంచనా వేసింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట సుమారు 30 శాతం తగ్గిందని, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో దాని స్థానాన్ని తిరిగి మదింపు చేయాలని చెప్పింది ఆ నివేదికే. దసరా నాడు శుభమని ఆ పిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి చూపించే అలవాటు ఉన్న చోట ఇది పిల్లలకు తప్పక చెప్పాల్సిన సంగతి.

పాలపిట్ట తగ్గిందని ఎలా తెలిసింది? దాన్ని చూసినవాళ్లు ఎంత సాయపడ్డారో, చూడనివాళ్లూ అంతే సాయపడ్డారు. ఈబర్డ్‌లో జాబితా పంపేటప్పుడు చివర ఒక ప్రశ్న వస్తుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ ఇందులో రాశారా? అవునంటే ఆ జాబితా ‘పూర్తి జాబితా’ అవుతుంది. అందులో పాలపిట్ట లేదంటే ఆ సమయంలో, ఆ చోట, అంతసేపు చూసినా ఈ పరిశీలకుడికి పాలపిట్ట తగల్లేదని అర్థం. అలాంటి లేమి లక్షల జాబితాల్లో పోగైనప్పుడే తగ్గుదల బయటపడుతుంది. అందుకే కాకులు, పావురాలు, గోరింకలు కూడా రాయమంటారు. పిల్లలకు మొదట్లో ఇది నచ్చదు. నెమలి కనిపిస్తే రాస్తామంటారు గాని కాకిని రాయమంటే మొహం ముడుస్తారు. ఆ కాకిని ఎందుకు రాయాలో అర్థమైన రోజున పిల్లలకు గణాంకశాస్త్రంలో మొదటి పాఠం వచ్చేసినట్టే.

ఏటా ఫిబ్రవరి మధ్యలో శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ ఆరంభానికి అనువైనది. అమెరికాలో 1998లో మొదలై, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు చూసి జాబితా పంపితే చాలు. అదే రోజుల్లో బడులు, కళాశాలలు తమ ఆవరణలోని పక్షులను లెక్కించే కార్యక్రమం కూడా ఉంటుంది. అమెరికాలోని మనవరాలు, గుంటూరులోని తాతగారు ఒకే రోజున ఎవరి పెరట్లో వాళ్లు లెక్కపెట్టి పోల్చుకోగలిగే కార్యక్రమాలు బహుశా ఎక్కువ ఉండవు. అక్కడ ఆకులు రాలిన కొమ్మలు, ఇక్కడ మామిడి పూత. రెండు జాబితాలూ ఒకే పటం మీద కనిపిస్తాయి.

లోపాలు లేకపోలేదు. పేర్లు ఎక్కువగా ఇంగ్లిషులో ఎదురవుతాయి. పాలపిట్ట, లకుముకి పిట్ట, జెముడుకాకి, తేనెపిట్ట అన్న పేర్లతో ఇంట్లోనే ఒక పట్టిక తయారుచేసుకోవాలి. దీనికి అమ్మమ్మలు యాప్‌ల కంటే ఎక్కువగా అక్కరకొస్తారు. మెర్లిన్ అనే ఉచిత యాప్ ఫోటోను బట్టి, కూతను బట్టి పక్షిని సూచిస్తుంది గాని, అది చెప్పిందల్లా జాబితాలోకి ఎక్కించే అలవాటు పడితే పిల్లవాడు చూడటం మానేస్తాడు. కూత వినిపించిందని యాప్ అన్నా, పిట్టను కళ్లతో చూశాకో, ఆ కూత తనంతట తాను గుర్తుపట్టాకో మాత్రమే రాయాలన్నది ఇంటి నియమంగా పెట్టుకోండి. ఆ ప్రాంతంలో, ఆ కాలంలో ఉండని పక్షిని నమోదు చేస్తే స్థానిక సమీక్షకులు మర్యాదగా వివరాలు అడుగుతారు. ‘నువ్వు చూసింది ఇదేనని ఎలా చెప్పగలవు?’ అని ముఖం తెలియని పెద్దవారు పన్నెండేళ్ల పిల్లను అడగడం, ఆమె రెక్క రంగు, తోక పొడవు చెప్పి సమాధానం ఇవ్వడం ఏ బడి ప్రదర్శనలోనూ దొరకని అనుభవం.

మరొక మాట. వలస పక్షులకు పేరున్న ఉప్పలపాడుకో, తేలినీలాపురానికో, నేలపట్టుకో ఏడాదికి ఒకసారి విహారయాత్రగా వెళ్లి రావడం బాగుంటుంది, వెళ్లండి. కానీ లెక్క విషయానికొస్తే, మీ ఊరి చెరువు గట్టు మీద వారానికో పూట పావుగంట నిలబడి రాసిన జాబితాలే ఎక్కువ పనికొస్తాయి. ఒకే చోటును ఏడాది పొడవునా చూసినప్పుడు గాని వలస పక్షులు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు వెళ్లాయో తెలియదు.

చెట్టుకు కాపలా

పొద్దున్నే లేవని పిల్లలకు, నగరంలో ఫ్లాట్లలో ఉండేవారికి, మరీ చిన్నవారికి పక్షుల కంటే చెట్టు మేలు. అది ఎగిరిపోదు. 2010లో మొదలైన సీజన్‌వాచ్ కార్యక్రమంలో చేయాల్సిందల్లా ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూడటం: లేత ఆకులు, ముదురు ఆకులు, మొగ్గలు, పూలు, కాయలు, పండ్లు ఒక్కొక్కటీ లేవా, కొన్ని ఉన్నాయా, చాలా ఉన్నాయా? వేప, చింత, మామిడి, నేరేడు, రేల వంటి మనకు తెలిసిన చెట్లే వారి జాబితాలో ఉన్నాయి. కేరళలో వేలాది బడిపిల్లలు దీనిలో పాల్గొన్నారు. విషు పండుగ పువ్వుగా పేరున్న రేల, పండుగకు చాలా ముందే పూసేస్తోందా అన్న ప్రశ్న అక్కడ చాలామందిని ఈ పనిలోకి దించింది.

మనకూ అలాంటి ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంది: ఉగాది పచ్చడికి వేపపూత. ‘ఈసారి పండుగకు పూత రాలేదు, కాలాలు మారిపోయాయి’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న. చెట్టు ఏమీ మారకపోయినా పండుగే పద్దెనిమిది రోజులు జరిగింది. చాంద్రమానంతో సాగే పండుగను గీటురాయిగా పెట్టుకుని చెట్టును కొలవలేమని, తేదీతో రాసుకుంటేనే పోలిక కుదురుతుందని పదేళ్ల పిల్లలు కూడా తేలిగ్గా పట్టుకుంటారు. వేపపూత నిజంగా ముందుకు జరుగుతోందా లేదా అన్నది అలా ఏళ్ల తరబడి రాసిన లెక్కలే చెప్పాలి.

ఈ పనికున్న పెద్ద లోపం విసుగు. పూత ముగిశాక నెలల తరబడి ‘లేవు, లేవు, లేవు’ అనే రాయాలి. సున్నాకు విలువిచ్చే విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను గాని, పిల్లలు రెండో నెలలో జారిపోయేది కూడా ఇక్కడే. ఇద్దరు స్నేహితులకు ఒకే చెట్టు అప్పగిస్తే ఈ జబ్బు కొంత నయమవుతుంది. బడిలో అయితే తరగతికో చెట్టు పెట్టి, పై తరగతికి వెళ్లేటప్పుడు కింది తరగతికి అప్పగించి వెళ్లే పద్ధతి పెడితే పదేళ్లలో ఆ బడి దగ్గర విలువైన రికార్డు ఉంటుంది. పైసా ఖర్చు లేదు.

ఫోటో తీసి పంపే పద్ధతి

ఐనాచురలిస్ట్ 2008లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టి ప్రపంచమంతా పాకింది. పురుగు, పువ్వు, బల్లి, పుట్టగొడుగు, ఏది కనిపించినా ఫోటో తీసి పెడితే యాప్ ఒక పేరు సూచిస్తుంది, తెలిసినవాళ్లు సరిచూస్తారు. తేదీ, చోటు, ఫోటో ఉండి, చూసినవారిలో మూడింట రెండు వంతుల మందికి పైగా ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే అది ‘పరిశోధన స్థాయి’ నమోదు అవుతుంది, శాస్త్రవేత్తలు వాడుకునే ప్రపంచ భాండాగారానికి చేరుతుంది.

పక్షులంటే ఆసక్తి లేకపోయినా గోడ మీద సాలీడును చూస్తూ గంటసేపు కూర్చునే పిల్లలుంటారు. వాళ్ల కోసమే ఇది. జూలై చివరి వారంలో జరిగే చిమ్మెటల వారోత్సవంలో మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు ఒక దీపం వెలిగించి కూర్చోండి. వానకాలపు రాత్రి ఆ గుడ్డ మీద వాలే ప్రాణుల రకాలు చూస్తే పెద్దలు కూడా ఫోన్లు పక్కన పెడతారు. సెప్టెంబరులో సీతాకోకచిలుకల మాసం ఉంది.

అయితే నా పరీక్షలో దీనికి తక్కువ మార్కులే. ఇక్కడ ‘లేదు’ అని చెప్పే వీలు లేదు. ఉన్నదాన్ని మాత్రమే పంపగలం. దానితో పిల్లలు వింతల వేటలో పడతారు. నమోదుల సంఖ్య పెంచుకునే పోటీ మొదలైతే ఒకే మందార మొక్కను పది కోణాల్లో తీసి పంపుతారు. పదమూడేళ్ల లోపువారికి అదే సంస్థవారి సీక్ యాప్ నయం. ఖాతా అక్కర్లేదు, కెమెరా చూపిస్తే పేరు చెబుతుంది. పదిహేను దాటిన పిల్లలకైతే సొంత ఫోటోలు పెట్టడం కంటే ఇతరుల ఫోటోలకు పేర్లు సరిచూడటంలో ఎక్కువ చదువుంది.

కంప్యూటరు ముందు కూర్చుని

బయటికి వెళ్లలేని పిల్లలకు, నడక కష్టమైనవారికి, పరీక్షల మధ్య అరగంట మాత్రమే దొరికేవారికి జూనివర్స్ అనే వెబ్‌సైటు ఉంది. దీనికి మూలమైన గెలాక్సీ జూ 2007లో మొదలైంది. టెలిస్కోపు తీసిన సుమారు పది లక్షల గెలాక్సీల చిత్రాలను చూసి ఆకారాన్ని బట్టి వర్గీకరించడానికి జనాన్ని పిలిచారు. ఆ ఏడాదే హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ ఉపాధ్యాయురాలు ఒక చిత్రంలో ఎవరికీ అర్థంకాని వింత మచ్చను చూసి ‘ఇదేమిటి?’ అని అడిగారు. ఆ వస్తువుకు ఇప్పుడు ఆమె పేరే ఉంది. ఒకే చిత్రాన్ని చాలామందికి చూపిస్తారు కాబట్టి ఒక పిల్లవాడి తప్పు మొత్తం ఫలితాన్ని చెడగొట్టదు. పైగా చాలా ప్రాజెక్టుల్లో ఖాతా లేకుండానే పాల్గొనవచ్చు. భాష ఎక్కువగా ఇంగ్లిషే. చేతికి మట్టి అంటదు, అదే దీని లోటు.

గ్రహశకలాల వేట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ‘గ్రహశకలాన్ని కనిపెట్టిన విద్యార్థి’ అన్న వార్త మన పత్రికల్లో తరచూ కనిపిస్తోంది. వీటిలో చాలావాటి వెనుక టెక్సాస్ కేంద్రంగా నడిచే ఒక అంతర్జాతీయ కార్యక్రమం ఉంది. హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు కొద్ది నిమిషాల తేడాతో తీసిన చిత్రాలను ఒకదాని వెంట ఒకటి చూపిస్తే, కదలని నక్షత్రాల మధ్య సరళరేఖలో జరుగుతున్న చుక్కను పిల్లలు పట్టుకోవాలి. పని నిజమైనదే, నేర్చుకోదగినదే. కానీ మొదట దొరికేది ‘ప్రాథమిక గుర్తింపు’ మాత్రమే. అది మరిన్ని పరిశీలనలతో రుజువై, కక్ష్య స్థిరపడి, సంఖ్య వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. చాలా చుక్కలు ఆ దాకా రావు. ఆ మూల కార్యక్రమం ఉచితం. ఎవరైనా రుసుము అడిగితే అది శిక్షణకో, వాళ్ల సమన్వయానికో కడుతున్నారని తెలిసి కట్టండి. పేరు పత్రికలో వస్తుందన్న ఆశతో మాత్రం చేర్పించకండి. చిత్రాల్లో ఏమీ దొరకని పిల్లలే ఎక్కువమంది.

ఆకాశం మీద మక్కువ ఉంటే 2006 నుంచి నడుస్తున్న గ్లోబ్ ఎట్ నైట్ అంతకంటే సులువు. చలికాలంలో అమావాస్య రోజుల్లో ఆకాశంలో వేటగాడి ఆకారపు నక్షత్రమండలాన్ని చూసి, వాళ్లిచ్చిన పటాల్లో దేనికి దగ్గరగా ఉందో చెప్పడమే పని. హైదరాబాదు మేడ మీద కొన్ని చుక్కలే కనిపిస్తాయి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అదే పిల్లవాడు మళ్లీ లెక్కపెడితే కాంతి కాలుష్యం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

పోటీలు, పథకాలు

బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, సర్వే చేసి, కొలిచి, నివేదిక రాసి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో వినిపిస్తారు. పోటీలన్నిటిలో నేను మొదట సిఫారసు చేసేది దీన్నే, ఎందుకంటే ఇక్కడ అడిగేది పరికరం గురించి కాదు, పరిశీలన గురించి. మంచి నిర్ణేత దొరికితే ‘మేము అనుకున్నది నిజం కాలేదు’ అన్న నివేదికకు కూడా బహుమతి వస్తుంది. దొరక్కపోతే రాదు, అది అదృష్టం మీద ఆధారపడిన విషయమే.

కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్–మానక్ వేరు. ఆరో తరగతి నుంచి పిల్లలు కొత్త ఆలోచన పంపాలి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే పడతాయి. ఇంట్లో ఏదో ఒకటి విప్పి బిగించే పిల్లలకు సరిపోతుంది. అయితే ఆలోచన పిల్లలదో, ఉపాధ్యాయులదో, ఇంటర్నెట్‌దో చెప్పలేని ప్రాజెక్టులు ఇందులో ఎక్కువ. ఇక అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్ర ప్రభుత్వ సాయంతో బడిలో పెట్టే ప్రయోగశాల) ఉన్న బడి అని ప్రకటన చూసి చేర్పించే ముందు ఒక ప్రశ్న అడగండి: దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వారానికి ఎన్ని గంటలు తీస్తారు? 2016లో మొదలైన ఈ పథకంలో బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. త్రీడీ ప్రింటరు ఉన్నా దాని మీద దుమ్ము కూడా ఉంటే లాభం లేదు. జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్స్ సంబరాలు ప్రశ్నోత్తరాల తరహావి; చదివి ఆలోచించే పిల్లలకు మంచి ఉత్సాహం ఇస్తాయి. కాని పరిశీలనకు అవి బదులు కావు.

కిట్లు కొనాలా?

అట్టపెట్టె మీద ‘100 ప్రయోగాలు’ అని ఉన్న కిట్లలో జవాబు ముందే అచ్చయి ఉంటుంది. రంగు మారాలి అంటే మారాలి. మారకపోతే పిల్లవాడు తప్పు చేసినట్టు. ఆ డబ్బుతో చేయగలిగిన మెరుగైన పనులు వంటింట్లోనే ఉన్నాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలుసు. అదే పసుపు నీళ్లలో నిమ్మరసం, సబ్బు నీరు, వంటసోడా, పెరుగు, ఉప్పునీరు విడివిడిగా కలిపి చూడమనండి. సబ్బుకు ఎర్రబడుతుంది, నిమ్మరసానికీ, ఉప్పునీటికీ పసుపుగానే ఉండిపోతుంది. అంటే పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గాని ఆమ్లానికీ తటస్థానికీ తేడా చెప్పలేదు. ‘ఏమీ మారలేదు’ అన్న ఫలితమే ఇక్కడ అసలు పాఠం. ఆ తేడా కావాలంటే శంఖుపూల రసం తీయాలి. నీలంగా ఉండే అది నిమ్మరసానికి ఊదా, గులాబీ రంగుల్లోకి తిరుగుతుంది. ఏ సూచిక దేన్ని చూడగలదు, దేన్ని చూడలేదు అన్న ఆలోచన అలా మొదలవుతుంది.

కొనదగినది ఒకటుంది: ఫోల్డ్‌స్కోప్. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన మను ప్రకాశ్ స్టాన్‌ఫర్డ్‌లో తన విద్యార్థి జిమ్ సిబుల్‌స్కీతో కలిసి తయారుచేసిన కాగితపు సూక్ష్మదర్శిని. 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ఫోను కెమెరాకు తగిలించుకోవచ్చు. దీనితో పాటు జవాబుల పుస్తకం ఏదీ రాదు. కుంటలోని నీటి చుక్కలో ఏముందో ఆ చుక్క వేసినవాళ్లే చూసుకోవాలి.

కుప్పం చుట్టుపక్కల ఉండేవారికి మరో అవకాశం ఉంది. 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషన్ అక్కడ 172 ఎకరాల ఆవరణలో ప్రయోగశాలలు నడుపుతోంది. బడులకు సంచార ప్రయోగశాలలు కూడా పంపుతుంది. చేత్తో చేసి నేర్పే బోధకులు దొరికే చోట కిట్టు అవసరమే ఉండదు.

నీళ్లు, వాన

తెలుగు పిల్లలకు నీటి పరీక్ష కంటే సొంతమైన ప్రాజెక్టు మరొకటి ఉండదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదటిసారి గుర్తించింది నాటి నెల్లూరు జిల్లాలోనే. నీటిలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా పిల్లల ప్రాజెక్టుల్లో తొంభై పాళ్లు టీడీఎస్ పెన్ను ముంచి, అంకె చూసి, ‘మంచి నీరు’, ‘చెడ్డ నీరు’ అని తేల్చేయడంతోనే ముగుస్తాయి.

ఆ పెన్ను కొలిచేది నీటిలో విద్యుత్ ఎంత తేలిగ్గా పారుతుందో మాత్రమే. దాన్నుంచి కరిగిన లవణాల మొత్తాన్ని లెక్కగట్టి చూపిస్తుంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం ఆ మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేకపోతే 2,000 వరకు. ఫ్లోరైడ్ పరిమితి 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. లీటరుకు 300 చూపించే నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా పెన్నుకు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి అసలే తెలియదు. కాబట్టి పెన్ను కొనివ్వండి, కొన్ని వందల రూపాయలే. కానీ ఒకే బోరును ఎండాకాలం, వానకాలం, చలికాలం కొలిచి తేడా చూసే పనికే వాడమనండి. అంతకు మించి తెలుసుకోవాలంటే జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకు క్షేత్ర పరీక్ష కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్షలు నేర్పే ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో వారెవరో కనుక్కుని, పరీక్ష చేసేటప్పుడు పిల్లలు పక్కన కూర్చునేలా చూడండి. రసాయనాలు పెద్దల చేతిలోనే ఉండాలి. బ్యాక్టీరియా ఉంటే నల్లబడే పరీక్ష సీసా ఒకటి ఉంటుంది, నల్లబడ్డాక దాని మూత పిల్లలు తీయకూడదు.

వాన కొలవడానికి నిలువు గోడలున్న సీసా, స్కేలు చాలు. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే గులకరాళ్లు వేసి, సమంగా వచ్చేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టుకోవాలి. రోజూ ఉదయం 8.30కు చదవాలి, వాతావరణ శాఖ పద్ధతి అదే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీరు. మీ మేడ వైశాల్యంతో గుణిస్తే పిల్లలు నోరు తెరుస్తారు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలున్నాయి. మండలం అంకెతో ఇంటి అంకెను పోల్చవచ్చు. రెండూ కలవకపోవడంలోనే ఆసక్తి ఉంది, ఒకే మండలంలో ఒక వీధి తడిసి మరో వీధి పొడిగా ఉంటుంది కదా. అమెరికా, కెనడాల్లో ఉన్న తెలుగువారికి కోకోరాస్ అనే వాన కొలిచేవారి సంఘం ఉంది. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను ముంచిన వరద తర్వాత, 1998లో పుట్టింది. వాన పడని రోజున కూడా సున్నా పంపమని వాళ్లు ప్రత్యేకంగా అడుగుతారు. నమోదు లేని రోజు వేరు, వాన లేని రోజు వేరు.

ఎవరికి ఏది

ఎనిమిదేళ్ల వరకు పిల్లలకు ఏ యాప్ వద్దు. పసుపు, శంఖుపూలు, ఒక చెట్టు, ఒక భూతద్దం చాలు. తొమ్మిది నుంచి పన్నెండు మధ్య చెట్టు లేదా వానసీసా, ఫిబ్రవరిలో పక్షుల లెక్క. చెట్టు, వానసీసా ఒకేసారి మొదలుపెడితే రెండూ ఆగిపోతాయి. పదమూడు దాటాక సైన్స్ కాంగ్రెస్‌కు పంపవచ్చు, అయితే అంతకు ముందు కనీసం ఒక రుతువు పాటు ఏదో ఒకటి కొలిచిన నోటుపుస్తకం చేతిలో ఉండాలి. అది లేకుండా పోటీకి వెళ్తే నివేదిక నాన్నదే అవుతుంది. సిగ్గరి పిల్లలు, మాట తడబడే పిల్లలు వేదిక ఎక్కే పోటీల కంటే ఈబర్డ్, జూనివర్స్ వంటి చోట్ల బాగా రాణిస్తారు. అక్కడ ఎంత బాగా మాట్లాడావని ఎవరూ అడగరు.

ఒక బడి మొత్తానికి ఒకటే ఎంచుకోమంటే నా ఓటు చెట్టుకే. ఒక ఇంటికి ఒకటే అంటే పక్షులకు.

పదమూడేళ్లు నిండనివారి ఖాతాలు తల్లిదండ్రుల పేరున ఉండాలి. ఇంటి పెరట్లో తీసిన ఫోటో మీ ఇంటి చిరునామా కూడా చెబుతుంది. ఐనాచురలిస్ట్‌లో చోటును మసకబరిచే సదుపాయం ఉంది, వాడండి. గూళ్ల ఫోటోలు, అరుదైన జంతువుల చోట్లు పెట్టవద్దు. చూసే తొందరలో కొమ్మలు విరిచి గూడు బయటపెడితే అందులోని పక్షి పిల్లల్ని కాకి తినేస్తుంది.

బైనాక్యులర్స్ కొనాలనుకుంటే 8x42 అని రాసి ఉన్నవి చూడండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. సంతల్లో అమ్మే 20 రెట్లవి, 30 రెట్లవి పిల్లల చేతిలో వణికి పిట్టను చూపించవు, తల తిప్పుతాయి. మొదటి ఏడాది అసలు కొనకపోయినా ఫర్వాలేదు. కాకి, గోరింక, పావురం, రామచిలుక, బుల్బుల్, కొంగ ఉత్త కళ్లకు కనిపించేవే, ముందుగా లెక్కపెట్టాల్సినవీ అవే.